జీడితోటలో ఎలుగు పిల్లలు: మార్చిలో రెండు, మే నెలలో ఒకటి

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలోని కాశీనగర్ దగ్గర కొండ మొదట్లో మీ మామగారి జీడితోట. మార్చి ఆఖర్లో పిక్కలు ఏరే రోజుల్లో వీపు మీద రెండు పిల్లల్ని ఎక్కించుకుని తల్లి ఎలుగు కనిపించింది. మే నెలలో మూడుసార్లు కనిపిస్తే మూడుసార్లూ ఒక్కటే పిల్ల. రెండోది చచ్చిపోయినట్టేనా, కాస్త దగ్గరికి వెళ్లి చూడొచ్చా, గట్టు మీద పనసపండ్లు పెడితే మిగిలిన పిల్లైనా బతుకుతుందా, అమెరికా నల్ల ఎలుగుల వీడియోల్లో చెప్పే 'సగం పిల్లలే బతుకుతాయి' లాంటి లెక్కలు మన ఎలుగులకూ వర్తిస్తాయా అని అడిగారు.

ముందు పొట్టి జవాబు. చచ్చిపోయి ఉండొచ్చు గానీ మూడుసార్లు చూసినంత మాత్రాన తేల్చలేం. దగ్గరికి వెళ్లొద్దు. పనసపండ్లు పెట్టొద్దు. అమెరికా లెక్కలు పక్కన పెట్టండి, కానీ వాళ్లు లెక్కపెట్టే పద్ధతి మాత్రం తెలుసుకోండి, పనికొస్తుంది.

నేను పర్లాకిమిడి వైపు అడవుల్లో మొదట గార్డుగా, తర్వాత ఫారెస్టర్‌గా పాతికేళ్ల పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. మహేంద్రగిరి దిగువ కొండల్లో ఎలుగుల్ని చూసింది ఎక్కువ, వాటి గురించి చదివింది తక్కువ. చదివింది కూడా చేసిన తప్పులు చూసుకున్నాకే.

వీడియోల్లో మీరు చూసిన నల్ల ఎలుగు వేరే జంతువు. మన ఎలుగుబంటీ నల్లగానే ఉంటుంది కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. అమెరికా దాని బొచ్చు పొట్టిగా, నున్నగా ఉంటుంది, గోళ్లు చిన్నవి, చెట్టెక్కడానికి వీలుగా వంకర తిరిగి ఉంటాయి. మనది బూర బొచ్చు, మూతి తెల్లబారి ఉంటుంది, ఛాతీ మీద తెల్లటి నాగలి గీతలాంటి మచ్చ, పుట్టలు తవ్వే పొడవాటి గోళ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ ఖాళీలోంచే చెదల్ని గాలితో పీల్చేస్తుంది. రాత్రిపూట ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. పాత బుల్లెట్ బండి స్టార్టవ్వక మొరాయిస్తున్నట్టు ఉంటుంది.

అసలు తేడా చలికాలంలో ఉంది. అమెరికా ఎలుగు మంచు కాలమంతా గుహలో పడుకుంటుంది. జనవరిలో ఆ మగత నిద్రలోనే కంటుంది. మామూలుగా రెండు మూడు పిల్లలు, ఒక్కోటి పావుకిలో, కాస్త అటూ ఇటూ. అంతకుముందు శరదృతువులో పళ్లు, గింజలు తిని తల్లి ఎంత కొవ్వు పట్టిందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. జత కట్టేది వేసవిలో, కానీ పిండం గర్భాశయానికి అంటుకునేది శీతాకాలం మొదట్లో. తిండి చాలని ఏడు అది అంటుకోదు, ఆ ఏడు పిల్లలే ఉండవు. మన ఎలుగుకు చలినిద్ర లేదు. అయినా పిల్లల్ని కనేది ఇంచుమించు ఆ రోజుల్లోనే, ఎక్కువగా డిసెంబర్, జనవరి నెలల్లో, రాతి సందులోనో తవ్విన గుంతలోనో. ఒకటి లేదా రెండు పిల్లలు, మూడు అరుదు. మొదటి వారాల్లో తల్లి దాదాపు బయటికే రాదు. పిల్లలకు మూడు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి, రెండు రెండున్నర నెలలకు బయటికి వస్తాయి. మీరు మార్చి ఆఖర్లో చూశారంటే అవి గుహ వదిలి నెల కూడా అయ్యుండదు.

ఇక లెక్కపెట్టే సంగతి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1981 నుంచి ఎలుగులకు రేడియో కాలర్లు కట్టి, శీతాకాలం చివర గుహల దగ్గరికి వెళ్లి పిల్లల్ని లెక్కపెడుతున్నారు. మరుసటి శీతాకాలం అదే తల్లి గుహకు మళ్లీ వెళతారు. నిరుటి పిల్లలు ఇంకా తల్లితోనే ఉంటాయి కాబట్టి ఎన్ని మిగిలాయో అక్కడే తెలిసిపోతుంది. చూశారా, రెండు లెక్కలూ గుహలోనే, తల్లి పడుకున్నప్పుడే. అలా చూసినప్పుడే 'ఇన్నింటిలో ఇన్ని బతికాయి' అనే మాటకు విలువ. ఆ లెక్క కూడా ప్రాంతాన్ని బట్టి, ఆ ఏడు కాసిన కాయల్ని బట్టి, తల్లికి అది తొలి కాన్పా కాదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. కాబట్టి 'సగం' అనే అంకె అన్ని అడవులకూ అతికేది కాదు. ఆ పనిలో చాలా ఏళ్లు ఉన్న డేవిడ్ గార్షెలిస్ 1990ల్లో నేపాల్ చిత్వన్‌లో అనూప్ జోషీతో కలిసి మన రకం ఎలుగుల్ని కూడా చూశారు. మన ఎలుగు ఒకచోట పడుకుని ఉండదు కాబట్టి ఇక్కడ గుహకు వెళ్లి పిల్లల్ని లెక్కపెట్టి వచ్చే వీలు లేదు. తల్లి వీపు మీద ఏం కనబడుతుందో అదే మన లెక్క. ఆ లెక్క తరచూ తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో ఒక పొద్దు చూసింది చెబుతాను. వాగుకు ఇవతల బండ మీద నేనూ, ఒక సవర మిత్రుడూ కూర్చున్నాం. అవతలి గట్టు మీద తల్లి పుట్ట తవ్వుతోంది. మాకూ దానికీ మధ్య నూట యాభై మీటర్లు, గాలి మావైపు వీస్తోంది. వీపు మీద ఒక పిల్ల భుజాల దగ్గర పొడుగు బొచ్చు రెండు చేతులా పట్టుకుని బోర్లా పడుకుంది. 'ఒకటే' అని నోట్‌బుక్‌లో రాసేశాను. పావుగంట తర్వాత తల్లి తవ్విన మట్టి కుప్ప కదిలింది. రెండో పిల్ల ఆ మట్టిలోనే ఉంది, ఒళ్లంతా ఎర్రమన్ను పూసుకుని. అది వీపెక్కబోతే మొదటిది మూతి మీద ఒక్కటిచ్చింది. భుజాల దగ్గర చోటు దానిదట! కిందపడి, లేచి, వెనక నుంచి ఎక్కి నడుం మీద సర్దుకుంది. పిల్లలకు వీపు మీద ఎవరి చోటు వాళ్లకుంటుంది, కొట్టుకుని మరీ దక్కించుకుంటాయి. తల్లి ఇవేమీ పట్టించుకోకుండా పీలుస్తూనే ఉంది. మా మిత్రుడు నా నోట్‌బుక్ వైపు చూసి నవ్వాడు. కొట్టేసి 'రెండు' అని రాశాను.

అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. తల్లి పొదలు లేని నేల దాటుతూ పూర్తిగా కనబడాలి, కనీసం పది నిమిషాలు చూడాలి, అలా వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు ఒకటే కనబడితే అప్పుడే 'ఒకటి పోయింది' అని రాయాలి. పొదలోంచి సగం కనబడిన చూపులు లెక్కలోకి రావు. ఇంకోటి, ఆ తల్లి ఈ తల్లేనా? ఆడ ఎలుగుల తిరుగుడు చోట్లు ఒకదాని మీదకొకటి వస్తాయి. మీ తోటకు జీడిపండు కోసం ఇద్దరు తల్లులు వస్తూ ఉండొచ్చు. ఛాతీ మచ్చ ఆకారం, చెవి మీద చీలిక, మూతి మీద గాటు లాంటి గుర్తు పట్టుకోండి. మీరు తీసిన ఫోన్ ఫొటోలో ఛాతీ కనబడటం లేదు.

పట్టపగలు తిరుగుతోంది, జబ్బు చేసిందేమో అని కూడా రాశారు. జబ్బు కాదు. పిల్లల తల్లి పగటిపూట ఎక్కువ తిరుగుతుందని చిత్వన్ పరిశీలనలోనూ తేలింది, నేనూ చూశాను. రాత్రి పెద్ద మగ ఎలుగులు, చిరుతలు తిరిగే వేళ. వాటికి ఎదురుపడకుండా తన వేళలు మార్చుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే, అలా మార్చుకోవడంతో మనకు ఎదురుపడుతుంది.

మరో తేడా మీ ప్రాణానికి సంబంధించింది. అమెరికా నల్ల ఎలుగు తల్లి బెదిరితే పిల్లల్ని చెట్టెక్కిస్తుంది, వీలైతే తానూ తప్పుకుంటుంది. మనది అలా కాదు. చిరుత చెట్టెక్కగలదు, కాబట్టి చెట్టు మన ఎలుగు పిల్లకు ఆశ్రయం కాదు. పులులూ చిరుతలూ ఉన్న చోట బతికిన జాతి ఇది, పిల్లల్ని వీపు మీదికి తీసుకుని నిలబడి తిరగబడడమే దీని అలవాటు. పైగా చూపు, వినికిడి అంతంత మాత్రం, తల వంచి పుట్టలో మూతి పెట్టిందంటే మీరు పది అడుగుల్లోకి వచ్చేదాకా తెలియదు. తెలిసిన మరుక్షణం మీద పడుతుంది. అమెరికా వీడియోల్లో ఎవరో ఎలుగుతో మాట్లాడుతూ పక్కన నడవడం చూసి ఇక్కడ ఎవరూ ప్రయత్నం చేయకండి, దండం పెట్టి చెబుతున్నా. అక్కడ కూడా ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుకు వంద గజాల దూరం ఉండాలని నిబంధన. నేనైతే మనవైపు నూట యాభై మీటర్లు, మధ్యలో వాగో గెడ్డో ఉంటే మేలు అంటాను. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు. గాలి ఎటు వీస్తోందో చూసుకోండి, చిటికెడు బూడిద వదిలితే తెలుస్తుంది. కూర్చున్న చోటి నుంచి లేవకండి. అది మీవైపు నడవడం మొదలుపెడితే అది మిమ్మల్ని చూడకముందే గట్టిగా మాట్లాడుతూ వెనక్కి తప్పుకోండి. మీద పడితే పరుగు పనికిరాదు. బోర్లా పడుకుని మెడ వెనక రెండు చేతులూ గట్టిగా పెనవేసుకోవాలి. ముఖం, మెడ కాపాడుకోగలిగితే చాలా వరకు గండం గడిచినట్టే.

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక రైతు చనిపోయాడు, కొందరికి గాయాలు, పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. అప్పటి నుంచి ఉద్దానంలోనే కాదు, ఇటు మన వైపు కూడా ఎలుగు అంటే ఊరు ఊరంతా డబ్బాలు పట్టుకుని బయటికొస్తోంది. వాళ్ల భయం అబద్ధం కాదు. కానీ పిల్లలున్న తల్లిని గుంపుగా తరిమితే పిల్లలు చెదిరిపోతాయి.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. నేను కొత్తగా ఫారెస్టర్ అయిన రోజులు, జనవరి నెల. కట్టెలకు వెళ్లిన ఆడవాళ్లు రాతి సందులో తేనెటీగల రొద విన్నామన్నారు. మేం వెళ్లేసరికి వెనకాల ఊళ్లోంచి నలభై మంది వచ్చేశారు. ఆ చప్పుడుకు తల్లి గుహలోంచి దూసుకొచ్చి కొండ మీదికి పరుగెత్తింది, అదృష్టం కొద్దీ ఎవరి మీదా పడలేదు. టార్చి వేసి చూస్తే పందికొక్కంతేసి పిల్లలు రెండు, అప్పుడప్పుడే కళ్లు తెరుచుకుంటున్నాయి. ఒకదాని పాదం ఒకటి చీకుతూ గుమ్మని రొద చేస్తున్నాయి, ఎలుగు పిల్లలు చీకేటప్పుడు అలాగే చేస్తాయి. పైఅధికారి 'ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా ఉండండి' అన్నారు. ఉన్నాం. గుహ ముందు నెగడు వేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాం. రెండు రాత్రులూ పైన బండల మీద తల్లి బుసలు కొడుతూ తిరిగింది. అది కిందికి దిగబోయినప్పుడల్లా మేం ప్రాణభయంతో డబ్బాలు వాయించాం. వాయించినవాళ్లలో నేనూ ఒకడిని. మూడోరోజు పొద్దున తల్లి అలికిడి లేదు, పిల్లలు చల్లబడిపోయి ఉన్నాయి. 'తల్లి వదిలేసింది' అని రిపోర్టు రాశారు. ఆవుపాలు పట్టాం. విరేచనాలు పట్టుకుని ఒకటి దారిలోనే పోయింది. రెండోది ఒక జూలో బోనులో పెరిగింది. ఇద్దరు పిల్లల్నీ తల్లి వదిలేయలేదు మాస్టారూ, మేమే దాన్ని రానివ్వలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక తోటలో, గడ్డివాము పక్కన, ఒంటరి పిల్ల దొరికింది. ఈసారి నేను చేసిందల్లా జనాన్ని పంపేయడం, కుక్కల్ని కట్టేయించడం, చుట్టుపక్కల లైట్లు ఆర్పించడం. పిల్లను ముట్టుకోలేదు. దూరంగా మేడ మీద నుంచి కనిపెట్టుకుని ఉన్నాం. తెల్లవారుజామున మూడు దాటాక చప్పుడైంది. పొద్దున్నే చూస్తే తల్లి అడుగులు వచ్చి వెళ్లాయి, పిల్ల అడుగులు మాత్రం లేవు. వీపు మీద ఎక్కించుకుని పోయింది.

తల్లి కాస్సేపు కనబడకపోవడానికీ వదిలేయడానికీ చాలా తేడా ఉంది. 2010 జనవరి 22న మిన్నెసోటాలో ఈలీ ఊరి దగ్గర లిల్లీ అనే నల్ల ఎలుగు గుహలో ఈనడాన్ని ఇంటర్నెట్‌లో లైవ్ చూపించారు. ఆ పిల్లకు హోప్ అని పేరు పెట్టారు. మే నెలలో తల్లి దాన్ని విడిచి వెళ్లింది, తర్వాత మళ్లీ కలిశాయి, మరుసటి శీతాకాలం కొత్తగా పుట్టిన తమ్ముడూ చెల్లితో పాటు హోప్ కూడా తల్లి పక్కనే పడుకుంది. అన్ని గండాలు దాటిన ఆ పిల్ల 2011 సెప్టెంబర్‌లో వేటగాడి చేతిలో పోయింది.

మన కొండల్లో పిల్లల్ని చంపేవి ఏమిటి అంటే చిరుత, మగ ఎలుగు, రేచుకుక్కలు ఎలాగూ ఉన్నాయి. వాటి గురించి మనం చేసేదేమీ లేదు. ఊళ్లోంచి కొండకెక్కే కుక్కల గుంపు మాత్రం మనదే. అడవిపందుల కోసం పొలం చుట్టూ లాగే కరెంటు తీగ మనదే, మేతలో చుట్టి పెట్టే నాటుబాంబు మనదే. తల్లి పోతే ఆరు నెలల పిల్లకు ఇక దారి లేదు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు కదా, ఆ నిప్పు కొండకు పాకితే గుహ వదిలిన కొత్తలో ఉన్న పిల్లలకు అదే పెద్ద గండం. ఇప్పపువ్వు రాలే చోటికే తల్లీ వస్తుంది, మనమూ వెళతాం. ఆకులు ఊడ్చి ఒకచోట కుప్ప పోసి కాల్చితే పని అవుతుంది. పది నిమిషాల ఓపిక, అంతే.

పనసపండ్లు ఎందుకు వద్దన్నానంటే, పిల్ల బతకడం తల్లి పాల మీద, తల్లి కడుపు మీద ఉందన్న మీ ఆలోచన సరైనదే. కానీ మే నెలలో దానికి తిండి కరువు లేదు. తునికి పండు అయిపోతుంటే నేరేడు వస్తుంది, రేల కాయలున్నాయి, తొలకరి పడితే చెదలు మెత్తటి మట్టిలో సులువుగా దొరుకుతాయి. గట్టు మీద పనసపండు పెడితే అది తినేది ఒకరోజు, ఆ చోటు గుర్తుపెట్టుకునేది ఏళ్ల తరబడి. పిల్ల తల్లి వెంట రెండేళ్లు, ఒక్కోసారి రెండున్నరేళ్లు తిరిగి తిండి చోట్లు నేర్చుకుంటుంది. మీ గట్టు కూడా నేర్చేసుకుంటుంది. రేపు మీ మామగారు చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లినప్పుడు ఆ పాఠం అప్పజెబుతుంది. ఆ మాటకొస్తే పిక్క తీసేశాక జీడిపండ్లు తోట ఇంటి పక్కనే కుప్పలు పోస్తారు కదా, పులిసిన ఆ వాసన కొండ మీదికి కొడుతుంది. ముందు అది ఎత్తించండి, దూరంగా గుంత తీసి పూడ్పించండి. పిక్కలు ఏరేవాళ్లు ఎండ ఎక్కాక, ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ దిగాలి.

కెమెరా పెట్టాలన్నది మంచి ఆలోచనే. మీ సొంత తోటలో, మోకాలి ఎత్తులో, దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా పెట్టండి. బీట్ గార్డుకు చెప్పి పెట్టండి. అడవి హద్దులోకి మాత్రం అనుమతి లేకుండా వద్దు. కెమెరా లేకపోయినా నేల చదవొచ్చు. వెనక కాలి అడుగు చిన్నపిల్లాడి పాదంలా ఉంటుంది, వేళ్లకు చాలా ముందు గోటి గీతలు పడతాయి. వానలు పడ్డాక బాట మీద తల్లి అడుగు పక్కన రెండు సైజుల్లో చిన్న అడుగులు కనబడ్డాయా, ఒకే సైజా చూడండి. ఆరు నెలలు దాటాక పిల్లలు దిగి నడవడం ఎక్కువవుతుంది. జూలై, ఆగస్టుల్లో మీకు మే నెల కన్నా నమ్మకమైన జవాబు దొరుకుతుంది. పిల్ల దొరికితే ఇంట్లో పెట్టుకుందామనే మాట ఇంటి దగ్గర ఎవరైనా అంటే, 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూల్‌లో ఉందని, బెయిలు కోసం పర్లాకిమిడి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందని చెప్పండి.

ఒకటి మాత్రం మీరు రాయలేదు, నేను మొదటే అడగాల్సింది. మన వైపు జీడితోటల్లో వరలు లేని నేలబావులు చాలా ఉన్నాయి. గట్టు లేని నూతిలో తల్లి పడితే నానా తంటాలు పడైనా ఒక్కోసారి పైకి వస్తుంది, పిల్ల రాలేదు. మీ తోటలో గానీ, పక్క తోటలో గానీ అలాంటిది ఉంటే రేపు మధ్యాహ్నం ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లి టార్చి వేసి చూడండి. పిల్ల బతికి కనబడితే లోపలికి దిగకండి. కొమ్మలున్న పొడవాటి దుంగ ఒకటి ఏటవాలుగా దించి, రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, అందరూ ఇంటికి వచ్చేయండి. ఏమీ లేకపోతే వానలు పడేలోగా ఆ నూతి చుట్టూ నడుమెత్తు గోడ కట్టించండి. ఏం కనబడిందో రాయండి.